చిల్లంగి కథని కెమెరాకెక్కించడం: విశాఖలో జానపద హారర్ షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునేవాళ్ళకి

విశాఖలో హారర్ షార్ట్ ఫిల్మ్ అనగానే భీమిలి డచ్ సమాధులు, అర్ధరాత్రి, తెల్లచీర. ఈ మూడూ ఇప్పటికే అరిగిపోయాయి కాబట్టి పక్కన పెట్టేద్దాం. ఇక్కడ చెప్పబోయేది ఇంకో రకం భయం గురించి. ఒక ఊరు, ఆ ఊరి నమ్మకం, బయటి ప్రపంచంతో తెగిపోయిన సంబంధం, ఈ మూడూ కలిసి పుట్టించే భయం. సినిమా వాళ్ళు దీన్ని ఫోక్ హారర్ అంటారు.

ఈ దారిలో ముందు చూడాల్సినవి మూడే చెబుతాను. 1973లో వచ్చిన ‘ద వికర్ మ్యాన్’: స్కాట్లండ్ పక్కన ఒక దీవి, అక్కడికి వెళ్ళిన ఒక పోలీసు, పట్టపగలే పెరిగే భయం. 2015 నాటి ‘ద విచ్’: 1630ల న్యూ ఇంగ్లండ్‌లో తోటివాళ్ళ నుంచి వేరుపడి అడవి అంచున బతికే ఒక కుటుంబం. 2024లో మలయాళంలో వచ్చిన ‘భ్రమయుగం’: పూర్తిగా నలుపు తెలుపు, శిథిలమైన ఒక ఇల్లు, దాదాపు మొత్తం కథని మోసే ముగ్గురు మనుషులు. మూడోది మనలాంటి చిన్న బడ్జెట్ వాళ్ళకి పాఠ్యపుస్తకం. ఒక్క ఇల్లు, కొద్దిమంది నటులు, వాన. అంతకంటే మన దగ్గర మాత్రం ఏముంటుంది?

మొదటి అడుగు: భయం ఎక్కడుందో తేల్చుకోవడం

స్క్రిప్టు మొదలుపెట్టకముందే తేల్చుకోవాల్సింది ఇది. మీ సినిమాలో భయపెట్టేది మంత్రగత్తెనా, ఆమెని మంత్రగత్తె అన్న ఊరా?

నా మాట అడిగితే ఊరే. మన ఏజెన్సీలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు జిల్లా పేజీల్లో ఇప్పటికీ వస్తుంటాయి. అక్కడ ప్రాణం పోయేది నింద పడ్డవాళ్ళకి. ఆ సంగతి తెలిసి కూడా చేతబడి చేసే ముసలమ్మనే విలన్‌ని చేసి, చివర్లో ఊరంతా కలిసి ఆమెని తగలబెడితే హాల్లో చప్పట్లు కొట్టించే సినిమా తీయడం నాకైతే మింగుడుపడదు. నీతి సంగతి అలా ఉంచినా, అది కథగా కూడా పేలవమే. ముసలమ్మ తప్పు చేసిందని మొదటి సీన్‌లోనే తెలిసిపోయాక ప్రేక్షకుడికి ఇంకేం టెన్షన్ మిగులుతుంది?

అలాగని “ఇదంతా మూఢనమ్మకం” అని డాక్టరు పాత్రతో చివర్లో ఉపన్యాసం ఇప్పించినా భయం ఆవిరైపోతుంది. రెండు దారులూ తెరిచి ఉంచాలి. శ్రద్ధగా చూసేవాడికి మామూలు కారణం కనపడాలి, కానీ ఆ కారణాన్ని సినిమాలో ఎవరూ నోటితో చెప్పకూడదు.

చేత్తో పట్టుకోవడానికి ఒక కథ అనుకుందాం. భీమిలి దాటాక సముద్రపొడ్డున ఒక చిన్న జాలరిపేట. పేట చివర సరుగుడు తోట అంచున ఒంటరిగా ఉండే ముసలి మంత్రసాని. పేటలో సగం మందికి పురుడు పోసింది ఆవిడే. తుపాను వచ్చి వెళ్ళిన నాలుగో రోజు ఒక పిల్లాడికి జ్వరం తగులుతుంది. ఆరో రోజు ఇంకో ఇద్దరికి. ఎనిమిదో రోజుకి పేటంతా ఒకే మాట అనడం మొదలవుతుంది. మామూలు కారణం బావిలో ఉంది. తుపాను నీళ్ళు పొంగి బావిలోకి చేరాయి. దాన్ని సినిమా మొదట్లో ఒక్క షాట్‌లో చూపిస్తాం: చేద పైకి వస్తుంది, నీళ్ళ మీద నానిన కోడి ఈకలు రెండు తేలుతుంటాయి, ఒక చెయ్యి వాటిని తీసి పారేసి బిందె నింపుకుంటుంది. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తం.

రెండో అడుగు: తప్పించుకునే దారులు మూసేయడం

ఈ జానర్‌లో కథలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. “ఫోన్ చేసి అంబులెన్స్ పిలవొచ్చుగా” అని ప్రేక్షకుడికి ఒక్కసారి అనిపించిందా, ఆ తర్వాత మీరేం చేసినా భయపడడు. ఫోన్‌లో బ్యాటరీ అయిపోవడం, సిగ్నల్ లేదంటూ చెయ్యి పైకెత్తి తిప్పడం చూసి చూసి జనం విసిగిపోయారు.

విశాఖ వాళ్ళకి ఇంతకంటే గట్టి కారణం చేతిలోనే ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద అడ్డంగా పడిన చెట్లు, పెట్రోలు బంకుల దగ్గర చాంతాడంత క్యూలు, పాల ప్యాకెట్ల కోసం తిప్పలు. అంత పెద్ద నగరమే రోజుల తరబడి అలా ఉంటే ఒక చివరి పేట పరిస్థితి ఏమిటో ఇక్కడి ప్రేక్షకుడికి మనం వివరించక్కర్లేదు. కథని ఆ వారంలో పెడితే ఒంటరితనం దానంతటదే వచ్చేస్తుంది. తుపానుని చూపించాల్సిన పని కూడా లేదు, అదెలాగూ మన బడ్జెట్ కాదు. తుపాను తర్వాతి నిశ్శబ్దమే మనకి కావాలి: ఒరిగిన కరెంటు స్తంభం, రేకులు ఎగిరిపోయిన ఇల్లు, ఇసుకలో బోర్లా పడిన తెప్ప.

తుపాను వద్దనుకుంటే వేట నిషేధ కాలం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మర, మోటారు పడవలు సముద్రంలోకి వెళ్ళవు. మగవాళ్ళు ఒడ్డున ఖాళీగా ఉంటారు, చేతిలో డబ్బు ఆడదు, ఎండ మండిపోతుంటుంది. పని లేని మనుషులు, కారణం కోసం వెతికే బుర్రలు. ఆ ఎండలోనే భయపెట్టే సినిమా తీసేవాడు మన దగ్గర ఇంకా రావాలి.

‘ద విచ్’లో గమనించాల్సింది కూడా ఇదే. ఆ ఇంట్లో పసిబిడ్డ మాయమవుతాడు, పంట పాడవుతుంది, తిండికి కటకట వస్తుంది, ఒకరినొకరు అనుమానించడం ఆ దెబ్బల మీదే పెరుగుతుంది. మీ కథలోనూ ముందు ఏది పోయిందో రాసుకోండి. పాలా, పంటా, పడవా, పిల్లాడా? పోయినదాన్నిబట్టే నింద ఎవరి మీద పడుతుందో తేలుతుంది.

మూడో అడుగు: నమ్మకానికి నియమాలు

ఒక కాగితం తీసుకుని మీ పేటలో జనం ఏం నమ్ముతారో రాయండి. ఎవరు ఎవరింటికి నిప్పు ఇవ్వరు, సాయంత్రం దాటాక ఏ వస్తువు అరువివ్వరు, ఏ పిట్ట కూస్తే తలుపు వేసుకుంటారు. తీతువు కూతకి ఉలిక్కిపడే పెద్దవాళ్ళు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఉన్నారు. ఇలాంటివి నాలుగైదు చాలు, కానీ సినిమా పొడుగునా వాటిని తప్పకూడదు.

అసలు దేవతల పేర్లు మాత్రం వాడకండి. నూకాలమ్మ, మోదకొండమ్మ, పోలమాంబ, పైడితల్లి అంటే జనం పిల్లలకి పేర్లు పెట్టుకుని మొక్కులు తీర్చుకునే తల్లులు. వాళ్ళ పేరు మీద రక్తం, బలి, క్షుద్రం చూపిస్తే గొడవ రావడం ఒక ఎత్తు, అది అబద్ధం కావడం ఇంకో ఎత్తు. పేరు లేని ఒక పొలిమేర రాయి చాలు. అలాగే నగరం నుంచి వెళ్ళిన మనం ఏజెన్సీలో దిగి, గిరిజనుణ్ణి మంత్రగాడిగా చూపించే కథ రాయడం మానుకోవాలి. థింసా అడుగులని, తుడుము మోతని క్షుద్రపూజకి నేపథ్యంగా వాడేసే అలవాటు సినిమాల్లో ఎప్పటినుంచో ఉంది. అది పెళ్ళిళ్ళలో, పండగల్లో ఆడే ఆట. మీకు తెలిసిన ఊరు, మీ వాళ్ళ మధ్య జరిగే కథ తీసుకుంటే ఆ బాధే ఉండదు.

నిమ్మకాయలు, బొమ్మకి గుచ్చిన సూదులు, పుర్రెలు ఏవీ అక్కర్లేదు. ఇంట్లో ఉండే వస్తువుల్లోనే బోలెడంత భయం ఉంది. దిష్టి తీయడమే చూడండి. ఎండుమిరపకాయలు, ఉప్పు పిల్లాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తారు. ఘాటు కొట్టి అందరూ దగ్గితే ఏం లేదు. ఘాటు రాలేదంటే మాత్రం గట్టిగా తగిలినట్టే. ఈ ఒక్క నమ్మకం మీద మూడు నిమిషాల సీన్ నిలబడుతుంది. తల్లి మిరపకాయలు నిప్పుల్లో వేస్తుంది. అవి నల్లబడతాయి, చిటపటమంటాయి. కెమెరా ఇక పొయ్యి వైపు పోదు. ముఖాల మీదే ఉంటుంది. నాయనమ్మ పైటచెంగు ముక్కు దాకా తెచ్చి ఆపుతుంది. మేనమామ దగ్గు కోసం ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఎవరికీ దగ్గు రాదు. మంచం మీద పిల్లాడు వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూస్తాడు. ఆ తర్వాత ఒకే ఒక్క షాట్ పైకి: తుపానుకి రేకులు లేచిపోయిన కప్పు, అందులోంచి నేరుగా ఆకాశంలోకి పోతున్న పొగ. పొగ నిలవని ఇంట్లో ఘాటు ఎలా వస్తుందని చూసేవాడికి తడుతుంది. తట్టకపోయినా నష్టం లేదు.

నాలుగో అడుగు: చోటు, కాలం

లంబసింగి మంచు కోసం అందరూ పరిగెడతారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. నిజమే. కానీ శని, ఆదివారాలు అక్కడ మంచు కంటే కార్ల హెడ్‌లైట్లే ఎక్కువ. వెళితే వారం మధ్యలో వెళ్ళండి, ముందు రోజే అక్కడికి చేరి పడుకోండి, తెల్లారకముందే సెట్ సిద్ధం చేసుకోండి. ఎండెక్కితే మంచు మీకోసం ఆగదు. ఒకే సీన్‌ని రెండు రోజులు తీస్తే మంచు రెండు రకాలుగా ఉంటుంది, ఎడిటింగ్‌లో అతకదు. కాబట్టి మంచు సీన్లు వీలైనంత చిన్నవిగా, ఒకే ఉదయం అయిపోయేలా రాసుకోవాలి.

మంచు కంటే నాకు కాఫీ తోటలు ఎక్కువ నచ్చుతాయి. అనంతగిరి, చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పెంచుతారు. నిటారుగా, గీతలు గీసినట్టు ఉండే మానులు, వాటికి చుట్టుకున్న మిరియం తీగ, కింద చీకటి. పగలు పదకొండు గంటలకి కూడా అక్కడ మనిషి మూడు చెట్ల అవతల ఉన్నాడంటే సగమే కనపడతాడు. అడ్డంగా నడిచే మనిషిని దూరం నుంచి తీస్తే కనపడుతూ మాయమవుతూ వెళ్తాడు. దీనికి గ్రాఫిక్స్ అక్కర్లేదు.

మన కథకి మాత్రం సరుగుడు తోట కావాలి, తీరం వెంబడి దొరుకుతుంది. తుపాను కథ కదా అని అక్టోబర్ దాకా ఆగక్కర్లేదు. ‘ద వికర్ మ్యాన్’ కథ ఏప్రిల్ చివర మొదలై మే ఒకటిన ముగుస్తుంది, షూటింగ్ జరిగింది శరదృతువులో. చెట్లకి కృత్రిమ పూలు అంటించి వసంతం తెప్పించారు. మనకి కావాల్సింది అంతకంటే తేలిక: మబ్బు పట్టిన రోజు, నాలుగు విరిగిన కొమ్మలు, ఒక ట్యాంకర్ నీళ్ళు.

ఎర్రమట్టి దిబ్బలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అది రక్షిత భౌగోళిక వారసత్వ ప్రదేశం. గుంతలు తవ్వడం, మంటలు వేయడం అసలు కుదరదు. అయినా ఇన్ని పాటల్లో చూశాక అక్కడ ఎవరు భయపడతారు?

ఐదో అడుగు: వెలుతురు

దీని గురించి ఎక్కువ చెప్పను, నియమాలు కొన్నే. కెమెరాలో ఆటో అన్నీ ఆపేయండి. ఆటో వైట్ బ్యాలెన్స్ లాంతరు వెలుగుని తెల్లగా మార్చి సీన్ మొత్తం చంపేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ని 3200 కెల్విన్ దగ్గర ఉంచితే దీపం కాషాయంగా, కిటికీ వెలుగు నీలంగా వస్తాయి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటు బల్బులు మినుకుమినుకుమనవు. మంచులో ఆటో ఎక్స్‌పోజర్ మనుషుల ముఖాలు నల్లగా చేస్తుంది, చేత్తో సెట్ చేసి లాక్ చేయాలి.

కరెంటు లేని పేట కాబట్టి రాత్రి సీన్లకి ఒక లాంతరు, ఒక పొయ్యి తప్ప ఇంకే వెలుతురూ కనపడకూడదు. లాంతరు గాజు లోపల కెమెరాకి కనపడని వైపు చిన్న డిమ్మర్ ఎల్ఈడీ పెట్టి, ఎదురుగా తెల్ల పంచె కట్టి ఆ వెలుగు తిప్పి కొట్టండి. ‘ద విచ్’ చాలావరకు సహజ వెలుతురులో, కొవ్వొత్తుల వెలుగులో తీసిందే. చీకటికి భయపడి నీలం రంగు ఫ్లడ్‌లైట్ వేశారంటే అది వెన్నెల కాదు, సీరియల్.

మన ఊరి ఉక్క గురించి ఒక జాగ్రత్త. ఏసీ కారులోంచి కెమెరా తీయగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినకొద్దీ పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి ఆ తర్వాత తెరవండి, లోపల సిలికా జెల్ పొట్లాలు పడేయండి. ఒడ్డున పని చేసిన రోజు రాత్రి ఉప్పు పేరుకోకుండా కెమెరా బాడీనీ, ట్రైపాడ్ కాళ్ళనీ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

ఆరో అడుగు: శబ్దం

డబ్బు ఒక్కచోటే ఖర్చు పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి. లెన్స్ అద్దెకి తెచ్చుకోవచ్చు, శబ్దాన్ని మాత్రం వెళ్ళి పట్టుకురావాల్సిందే.

మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి లేచినప్పుడు సరుగుడు తోటలో నిలబడండి. అలలా, ఆకులా అన్నది చెవికి తేలదు. ఎక్కడినుంచో ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఒకే హోరు. కథకి ఇంతకంటే మంచి నేపథ్య సంగీతం ఏ స్టూడియోలోనూ దొరకదు. మైకుకి గాలి ఆపే బొచ్చు తొడుగు వేసి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పావుగంటైనా ఆపకుండా రికార్డు చేయండి. మళ్ళీ అర్ధరాత్రి గాలి పడిపోయాక అదే చోట ఇంకో పావుగంట. మంత్రసాని ఇంటి సీన్లలో మొదటిది వాడి, ఊరు ఆమె గురించి నిర్ణయం తీసుకునే సీన్‌లో ఆ హోరుని ఒక్కసారిగా తీసేయండి. అప్పటిదాకా అది వినపడుతోందని కూడా ప్రేక్షకుడు గుర్తించి ఉండడు. ఆగిపోగానే ఒళ్ళు జలదరిస్తుంది.

ప్రతి లొకేషన్‌లో, ప్రతి గదిలో అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దం కూడా రికార్డు చేయాలి. కీచురాళ్ళ రొద ఒక షాట్‌లో ఉండి ఇంకో షాట్‌లో లేకపోతే అతుకు తెలిసిపోతుంది, దాన్ని కప్పేది ఈ నిమిషమే.

సంగీతానికి ఉత్తరాంధ్రలోనే ఒక నిధి ఉంది, జముకు. ఒకవైపు తోలు మూసిన గుండ్రటి వాద్యం, ఆ తోలు మధ్యలోంచి తీగ. ఒక చేత్తో తీగని బిగించి వదులుతూ ఇంకో చేత్తో మీటుతారు. స్వరం పైకి లేచి కిందికి జారుతుంది, మనిషి మూలుగుకి, డప్పుకి మధ్య ఎక్కడో ఉంటుంది. జముకుల కథ చెప్పే కళాకారులు ఇంకా ఉన్నారు. ఒకరిని పిలిచి, తగిన డబ్బిచ్చి, టైటిల్స్‌లో పేరు వేసి, సీన్ చూపించి వాయించమనండి. కంప్యూటర్‌లో దొరికే వయొలిన్ కీచులన్నీ ఆ తర్వాత మీకే చప్పగా అనిపిస్తాయి. ఎవరైనా తలుపు తీసినప్పుడల్లా ధన్‌మని మోగించే అలవాటు ఉంటే మాత్రం దయచేసి మానేయండి.

ఏడో అడుగు: మాట, మనిషి

పాత్రలు ఇక్కడి యాసలోనే మాట్లాడాలి. “ఆ వృద్ధురాలు వచ్చి వెళ్ళినప్పటి నుంచే వాడికి జ్వరం” అంటే అది టీవీ భాష. అదే మాట బావి దగ్గర ఇలా ఉంటుంది:

“ఆ ముసల్ది గుంటడి నుదురు సూసి ఎల్లినకాడి నుంచే కదేటి జొరం?”

“ఊరుకో అప్పా, నీకు పురుడు పోసింది ఆవిడే కదేటి.”

“పోసింది. పోసిన సేత్తోనే తీసుకుపోద్ది.”

చివరి మాట అన్నాక మనిషి బిందె చంకనెత్తుకుని మామూలుగా నడిచిపోవాలి. కళ్ళు పెద్దవి చేయడం, గొంతు తగ్గించడం ఏదీ వద్దు. నింద ఎప్పుడూ అలా పనుల మధ్యనే పుడుతుంది. పేట మనుషులుగా పేటవాళ్ళనే తీసుకుంటే మంచిది. ముఖ్యపాత్రలకి ఆంధ్రా యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విద్యార్థుల్ని, ఉత్తరాంధ్ర నాటక సమాజాల వాళ్ళని అడగండి. రంగస్థలం వాళ్ళు గొంతు పెంచుతారు. రిహార్సల్ ఇంట్లో కూర్చుని, పక్కగదిలో పిల్లాడు నిద్రపోతున్నాడని చెప్పి చేయించండి, తగ్గుతుంది.

ఎనిమిదో అడుగు: ఎడిటింగ్

అనుకున్నదానికంటే షాట్ రెండు సెకన్లు ఎక్కువ ఉంచండి. ముసలమ్మ గడప దాటి వెళ్ళిపోయాక ఖాళీ గడప అలాగే ఉండాలి. కానీ అన్ని షాట్లూ సాగదీస్తే అది నెమ్మది తప్ప భయం కాదు. ఊరు కూడే సీన్‌ని వేగంగా కోయండి, ఎందుకంటే జనం ఆలోచించకుండా నిర్ణయం తీసుకునేది అక్కడే. ఇరవై నిమిషాలు దాటితే ఏ సీన్ లేకపోయినా కథ నిలబడుతుందో వెతికి తీసేయండి.

తొమ్మిదో అడుగు: అనుమతులు, జాగ్రత్తలు

రిజర్వ్ ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా కెమెరా తెరవొద్దు. ఏజెన్సీ గ్రామాల్లో పంచాయతీ పెద్దలతో ముందే మాట్లాడాలి. డ్రోన్ విషయంలో విశాఖ మామూలు ఊరు కాదు. నేవీ స్థావరాలున్న చోటు కాబట్టి డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోకుండా ఎగరేస్తే షూటింగ్ పోలీస్ స్టేషన్లో ముగుస్తుంది. సినిమాలో కోడినో, మేకనో వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. నిజంగా గాయపరచడం ఎలాగూ కుదరదు. బాల నటుడు ఉంటే జిల్లా అధికారుల అనుమతి తీసుకోవాలి, రోజుకి ఐదు గంటలు మించి పని చేయించకూడదు. జ్వరంతో పడుకున్న పిల్లాడి సీన్లన్నీ పగలే, కిటికీలకి నల్లగుడ్డ కట్టి తీసేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఏ కాగితంలోనూ ఉండదు. రాత్రిపూట పొలిమేరలో నలుగురు కొత్త మనుషులు నిప్పు వేసి, పసుపు కుంకుమ చల్లుతుంటే చూసినవాళ్ళు షూటింగ్ అనుకోరు. నిజంగానే చేతబడి అనుకుంటారు, కర్రలు తీస్తారు. సర్పంచ్‌కి, దగ్గరి పోలీస్ స్టేషన్‌కి, చుట్టుపక్కల పేటలకి కూడా ముందే చెప్పండి. పగలే వెళ్ళి కెమెరా చూపించండి, పిల్లల్ని మానిటర్ చూడనివ్వండి. పని అయ్యాక వాడిన ప్రతి వస్తువూ ఏరుకుని తిరిగి తీసుకెళ్ళాలి. రోడ్డు మీద వదిలేసిన ఒక్క కుంకుమ ముద్ద చాలు, మర్నాడు పొద్దున్న అది ఎవరు పెట్టారన్న చర్చ మొదలవడానికి. ఆ చర్చ ఊరి చివర ఒంటరిగా ఉండే ఏ ముసలామె దగ్గర ఆగుతుందో మీకు ఈపాటికి తెలుసు.

థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. యూట్యూబ్‌లో పెట్టేముందు మాత్రం పేటలో తెర కట్టి ఒకసారి చూపించండి, వాళ్ళు అభ్యంతరం చెప్పిన చోట కోయడానికి సిద్ధంగా ఉండండి. మంత్రసాని పాత్ర వేసినావిడ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉండే మనిషైతే థంబ్‌నెయిల్ మీద ఆవిడ ముఖం, పక్కన “మంత్రగత్తె” అని ఎర్ర అక్షరాలు పెట్టే ఆలోచన రానివ్వకండి. సినిమా చూడనివాళ్ళు కూడా ఆ బొమ్మ చూస్తారు, అది వాట్సాప్‌లో తిరుగుతుంది. థంబ్‌నెయిల్‌కి బావి ఫొటో వాడుకోండి.